ముల్లు వెనక్కి తిప్పినాయన

ఆ శుక్రవారం పొద్దున ఆరున్నరకు మునిశేఖర్ ఇంట్లో వేసుకున్న పథకం చేతిరుమాలంత చిన్నది. పదకొండు గంటలకు బెంగుళూరు నుంచి చక్రధర్ అనే ఆయన వస్తాడు. కూతురు పవిత్ర తయారుచేసిన వీడియో గేమును గంటసేపు చూస్తాడు. పన్నెండుకు లేచి అలిపిరి పోయి కొండెక్కుతాడు. నచ్చితే ఆయన కంపెనీ గేమును తీసుకుంటుంది, పవిత్ర ఇంట్లో కూర్చునే దాన్ని పూర్తి చేస్తుంది. నచ్చకపోతే సోమవారం నుంచి రేణిగుంట గోడౌనులో అట్టపెట్టెలకు నంబర్లు వేసే ఉద్యోగం. దానికి కావలసిన ఫోటోలు వసంతమ్మ ముందుగానే తీయించి దేవుడి పటం వెనక పెట్టింది.

"పదకొండా? శుక్రవారం పదిన్నర నించి పన్నెండు దాకా రాహుకాలం. అప్పుడు కొత్త మనిషి గడప తొక్కితే ఆ పని ముందుకు పోతాదా?" అంది వసంతమ్మ.

"అమ్మా, ఆయనకు వేరే టైమే లేదు."

"మీ నాయన నన్ను చూసేదానికి వచ్చింది గూడా రాహుకాలంలోనే. సూస్తా ఉండావు గదా నా బతుకు."

"నా ముందరే అంటావేంమే?" అన్నాడు మునిశేఖర్.

"ముందర గాకపోతే యాడంటారు? రాహుకాలంలో ఎవురొచ్చినా గేటు బయటే. అంతే!"

మునిశేఖర్ తిరుపతి బస్టాండు పక్క సందులో గడియారాలు బాగుచేస్తాడు. అంగడి బీరువా అంత ఉంటుంది. సెల్‌ఫోన్లు వచ్చి మనుషుల మణికట్లు ఖాళీ అయినప్పటి నుంచి ఆయనకు లోకం మీద కోపం. ఆ కోపంతోనే తన చేతికీ గడియారం పెట్టుకోవడం మానేశాడు. ఆయన గౌరవం మిగిలింది ఒక్క చోట, ఇంటి వరండాలో గంటలు కొట్టే గోడగడియారంలో. మేనమామ ఇచ్చిన ఆ గడియారం ఇరవై రెండేళ్ళలో నిమిషం తప్పలేదు. ఆ వీధిలో పిల్లలు బడికి పోవడం, ఆడవాళ్ళు కొళాయి దగ్గరికి బిందెలు తీసుకుపోవడం అన్నీ దాని గంటలు వినే. వసంతమ్మ చేతిలో సెల్‌ఫోను ఉన్నా, దాంట్లో అంకెలు ఆమెకు ఆనవు. ఆనినా నమ్మదు.

ఆ గడియారం అంత కచ్చితంగా ఉండటానికి ఒక కారణం ఉంది. మునిశేఖర్ ఏడో తరగతి పరీక్ష రోజున వాళ్ళింట్లో గడియారం నాలుగు నిమిషాలు వెనకబడింది. పాకాల జంక్షన్లో రైలు పోయింది, పరీక్ష పోయింది, బడి పోయింది. ఆ మరుసటి వారం మేనమామ అంగట్లో గడియారాలు తుడవడానికి కూర్చున్నాడు. ఇప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళు. లేవలేదు.

తల్లీకూతుళ్ళ గొడవ వంటింట్లోకి మారగానే పవిత్ర టాబ్ తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. "నాయనా, ఆయన ముందర నువ్వే ఆడాల. ఎప్పుడూ గేములు ఆడనోళ్ళు ఆడితే ఎట్లుంటాదో సూస్తానన్నాడు. ఇప్పుడొకసారి ఆడి సూడు. టైము మాత్రం మార్చొద్దు. కొంతమంది ఫోన్లో గడియారం తిప్పి మోసం చేస్తారని కాపలా పెట్టినా. ముట్టుకుంటే ఆట మొత్తం మొదటికి పోతాది."

ఆయన అయిష్టంగా వెనక గదిలోకి పోయి, చెవుల్లో వైర్లు పెట్టుకుని కూర్చున్నాడు. కూర్చున్న రెండో నిమిషానికి వెన్ను నిటారైంది. ఆటలో ఉన్నది పాకాల జంక్షన్! అదే ప్లాట్‌ఫారం. నవీన అనే అమ్మాయి పరీక్షకు పోవాలి, రైలు నాలుగు నిమిషాల్లో తప్పిపోతుంది. ఈ పిల్లకు ఈ కథ ఎవరు చెప్పారు? తనెప్పుడూ చెప్పలేదు. వసంతమ్మే చెప్పి ఉండాలి. స్టేషను గడియారం కింద ఒక మీట ఉంది. నొక్కితే మళ్ళీ పొద్దున ఆరు గంటలు! అంతా మొదటి నుంచి! మొదటిసారి నవీనను చెప్పుల కోసం ఆపకుండా పరిగెత్తించాడు. గేటు దగ్గర రైలు పోయింది. మీట! రెండోసారి గేటు వైపు పోనివ్వలేదు, గోడ దూకించాడు. కుక్క తరిమింది. మీట! ఐదోసారికి ఆయన మంచం మీద మోకాళ్ళ మీద లేచి, "పరిగెత్తు మ్మా! ఇంగ రెండే పెట్టెలు!" అని అరిచాడు. ఎక్కించేశాడు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట తప్పిన రైలు ఎక్కించేశాడు!

పవిత్ర తలుపు దగ్గర నిలబడి ఉంది. ముఖమంతా నవ్వు. "ఎట్లుండాది నాయనా?"

"అదిరిపోయిందబ్బా! కానీ ఒగటి అడుగుతా. ఈ మీట నొక్కితే మనకేమీ పోదా?"

"పోదు. ఎన్నిసార్లయినా నొక్కుకోవచ్చు."

"అట్లయితే నాకెందుకు భయం? ఇంగొకసారి నొక్కి, నింపాదిగా టీ తాగి పోయినా రైలు దొరికె. వెనక్కి పోయినోడికి ఏదో ఒగటి పోవాల మ్మా. నా అంగట్లో మొదటి పాఠమే అది. గంటలు కొట్టే గడియారంలో పెద్ద ముల్లును వెనక్కి తిప్పగూడదు. టైమేమో సరిపోతాది, గంటల లెక్క చెడిపోతాది. తిప్పినోడు తప్పించుకోలేడు."

పవిత్ర నవ్వు సగానికి తగ్గింది. "ఇప్పుడు చెప్తావా ఇది?" అని లాప్‌టాప్ ముందుకు పోయింది.

మునిశేఖర్ వరండాలోకి వచ్చి గోడగడియారం చూశాడు. ఎనిమిదీ ముప్పై ఐదు! ఆయన అదిరిపడ్డాడు. ఆటలో రెండు గంటలు పోయాయా? చేతిలో టాబ్ మీద ఏడున్నర అని ఉంది. ఇంకొకడైతే రెంటిలో ఏది తప్పో ఆలోచించేవాడు. మునిశేఖర్ ఆలోచించలేదు. సెల్‌ఫోన్ల జాతి వస్తువులో ఏడున్నర అని ఉంటే అది ఏడున్నర కాదన్నమాటే.

అప్పుడే ఆయనకు బ్రహ్మాండమైన ఊహ వచ్చింది. ఇంట్లో వసంతమ్మ లేదు, కొళాయికి పోయింది. గడియారాన్ని ముప్పావుగంట వెనక్కి పెడితే, చక్రధర్ పదకొండుకు వచ్చేటప్పటికి గోడ మీద పదింబావే ఉంటుంది. రాహుకాలానికి ఇంకా పావుగంట! ఆయన లోపలికి వస్తాడు, వసంతమ్మ కాఫీ ఇస్తుంది, కూతురు గోడౌనుకు పోదు. ఆటలో ఐదుసార్లు వెనక్కి పోయి వచ్చిన మనిషి, ఇంట్లో ఒక్కసారి పోలేడా?

ముందుకు తిప్పి తెద్దామంటే పదకొండు గంటల పైచిలుకు తిప్పాలి, ఆ గంటలన్నీ వీధి వింటుంది. అందుకని జీవితంలో మొదటిసారి ఆయన పెద్ద ముల్లును పట్టుకుని వెనక్కి తిప్పాడు. ఏడూ యాభై. లోపల ఏదో కటుక్కుమంది. దొంగతనం సంపూర్ణంగా ఉండాలని టాబ్ లోపల గడియారం బొమ్మ వెతికి పట్టుకుని, దాన్నీ ఏడూ యాభైకి సరిచేశాడు. కూతురు చేసిన హెచ్చరిక ఆయనకు గుర్తే ఉంది. కానీ అది మోసం చేసేవాళ్ళకు గదా, తప్పును దిద్దేవాళ్ళకు కాదు గదా అనుకున్నాడు.

పది నిమిషాల్లో గడియారం ఎనిమిదికి వచ్చింది. వచ్చి, తొమ్మిది గంటలు కొట్టింది.

గంటల లెక్క చెడింది! ఎగిరి లోపలి సుత్తిని పక్కకు వంచాడు గానీ, తొమ్మిదో గంట అప్పటికే వీధి చివరి దాకా పోయింది. ఎదురింటి పిల్లలు జడలు సగం అల్లుకుని బడికి పరుగెత్తారు. కొళాయి దగ్గర కేకలు మొదలైనాయి.

ఆయన పోయేటప్పటికి నీళ్ళు వదిలే ఓబయ్య చుట్టూ పదిమంది ఆడవాళ్ళు, పది బిందెలు.

"ఎనిమిది కొట్టినప్పటి నించీ నిలబడినాం. ఇప్పుడు తొమ్మిది కొట్టె. చుక్క నీళ్ళు లేవు. ఆ నీళ్ళు యాడికి పంపిస్తా ఉండావప్పా?" అని అడుగుతోంది వసంతమ్మ.

"అక్కా, ఇంకా ఎనిమిదే కాలేదు. ఇదో సూడు, నా సెల్లులో ఏడూ నలభై రెండు!"

"నీ సెల్లూ నీ మాదిరే ఉండాది. ఆయనొచ్చినాడు, అడుగు. ఏమయ్యా, నీ గడియారం తప్పు పోతాదా?"

పదిమంది మునిశేఖర్ ముఖంలోకి చూశారు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆయన్ను ఇంతమంది ఒకేసారి నమ్మింది ఇప్పుడే.

"పోదు," అన్నాడాయన.

ఓబయ్య ముఖం మాడిపోయింది. వాల్వు తిప్పే పొడుగాటి ఇనుప తాళం తెచ్చి వసంతమ్మ చేతిలో పెట్టాడు. "అయితే మీరే వదులుకోండి. టైము మీది, నీళ్ళూ మీవే," అని పక్కనే గోడెక్కి కూర్చున్నాడు.

వసంతమ్మ వెనుదీసే మనిషి కాదు. గుంటలోకి వంగి తాళాన్ని తిప్పింది. ఎంత తిప్పాలో తెలియదు కాబట్టి తిరిగినంత తిప్పింది. వీధంతా బిందెలు నిండాయి, తొట్లు నిండాయి, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత సరిగ్గా మునిశేఖర్ గేటు ముందర పాత పైపు అతుకు ఊడి, తాటిచెట్టంత నీళ్ళు లేచాయి. ఓబయ్య దిగి వచ్చి వాల్వు కట్టేసేటప్పటికి గేటు ముందర మోకాలి లోతు చెరువు. గోడౌను ఉద్యోగం మునిశేఖర్ కళ్ళ ముందు కదిలింది. పారతో బురద తోడుతూ ఆయన మనసులో ఒకటే మాట అనుకున్నాడు: మీట యాడుండాది?

స్నానం చేసి చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ ఉండగా బయట కారు ఆగింది. గడియారం పదీ ముప్పై ఐదు చూపిస్తోంది. తన లెక్కన అసలు టైము పదకొండూ ఇరవై. చచ్చాం, పెద్దమనిషి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు! రాహుకాలం గోడ మీద కూడా వచ్చేసింది.

గేటు అవతల, చెరువులో వేసిన రాయి మీద ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు చక్రధర్. ఇవతల వసంతమ్మ గేటుకు చెయ్యి అడ్డం పెట్టి ఉంది.

"నిన్ను పదింబావుకు రమ్మంటిని గదా నాయనా! పదీ ముప్పై ఐదుకు వచ్చి నిలబడితే నేనేం చేసేది?"

మునిశేఖర్ గేటు దాకా వచ్చాడు. "నువ్వు రమ్మంటివా?"

"పొద్దున్నే ఫోను చేసినా. మీ ఇద్దరికీ బుర్రలు పనిచేయవని నేనే మాట్లాడుకున్నా. పదింబావుకు వస్తానన్నాడు. ఇప్పుడు సూడు."

"అమ్మా, నేను పదింబావుకే వచ్చినాను," అన్నాడు చక్రధర్. ఆయన సొంతూరు చిత్తూరు దగ్గరే, అందుకని భయపడకుండా మాట్లాడుతున్నాడు. "నా వాచీ సూడండి."

"నీ వాచీ చెడిపోయుంటాది. ఇట్లియ్యి, ఆయన బాగుచేస్తాడు."

చక్రధర్ వాచీ విప్పి చెరువు మీదుగా అందించాడు. మునిశేఖర్ దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత జేబులోంచి భూతద్దం తీసి కంటికి పెట్టుకున్నాడు. ఎంత మంచి యంత్రం! పాలు పోసినట్టు నడుస్తోంది. ఇలాంటి వాచీ ఆయన అంగడికి వచ్చి పదిహేనేళ్ళయింది. అది చూపించే టైము పదీ పదిహేడు. మళ్ళీ ప్రహరీ గోడెక్కి కూర్చున్న ఓబయ్య తన సెల్‌ఫోను ఎత్తి చూపించాడు. అదీ పదీ పదిహేడే.

ఈ వాచీ అబద్ధం చెప్పదు. అంటే రాహుకాలానికి ఇంకా పదమూడు నిమిషాలుంది. ఆ పదమూడు నిమిషాలు కూతురికి కావాలంటే ఒక్కటే దారి. ఆ మాట అన్నాక ఈ వీధిలో తనకు మిగిలేది ఏమీ లేదు. ఆడవాళ్ళు తడిసిన కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని చూస్తున్నారు. ఓబయ్య అయితే సినిమాకు వచ్చినట్టు కాళ్ళు ఊపుతున్నాడు.

"వసంతా," అన్నాడు మునిశేఖర్. "తప్పు పోయింది మన గడియారమే. నేనే ముల్లు తిప్పినా."

వసంతమ్మ ఆయన వైపు తిరిగింది.

"ఎంత తిప్పినావు?"

"ముప్పావుగంట. వెనక్కి."

వసంతమ్మ వేళ్ళు మడిచింది. "వెనక్కి తిప్పితే అసలు టైము ఇంగా ముందరుంటాది గదా! అంటే ఇప్పుడు పదకొండూ ఇరవై దాటె! రాహుకాలం నడినెత్తిన! అదేదో గొప్ప మాదిరి చెప్తా ఉండావా?"

లెక్క సరిగ్గా ఉంది. అప్పుడు వెనక నుంచి పవిత్ర గొంతు వినిపించింది. "అమ్మా... దానికి ముందర నేను గూడా తిప్పినా. గంటా ఐదు నిమిషాలు. ముందుకు. ఆయన పదకొండుకు వస్తే రాహుకాలం అయిపోయినట్టు కనిపిస్తాదని."

తండ్రీ కూతురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎనిమిదీ ముప్పై ఐదు ఎక్కడి నుంచి వచ్చిందో, తొమ్మిది గంటలు ఎందుకు కొట్టాయో మునిశేఖర్‌కు అప్పుడు తెలిసింది. వసంతమ్మ మళ్ళీ వేళ్ళు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"అంటే ఇప్పుడు..."

"పదీ పందొమ్మిదమ్మా," అన్నాడు చక్రధర్. "అప్పటి నించీ అదే చెప్తా ఉండా. రాయి జారతా ఉండాది, లోపలికి వచ్చేదా?"

"రా నాయనా, రా! కుడికాలు! కుడికాలు పెట్టు! పదకొండు నిమిషాలే ఉండాది!"

మోకాళ్ళ దాకా బురదతో ఆయన్ను లాక్కొచ్చి కుర్చీలో వేశారు. పవిత్ర టాబ్ తెరిచింది. తెర మీద పాకాల స్టేషను లేదు, రైలు లేదు, మూడు నెలలుగా చివరి ఘట్టం దాకా తెచ్చి పెట్టుకున్న ఆట లేదు. ఒక్క వాక్యం ఉంది: 'ఎవరో టైమును ముట్టుకున్నారు. మొదటికి పొండి.'

పవిత్ర కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మునిశేఖర్ తల వంచుకుని, "అదీ నేనే మ్మా. గోడగడియారానికి సరిపోవాలని ఇరవై నిమిషాలు ముందుకు దిద్దినా," అన్నాడు. ఆ మాట చెబుతుంటే తన ఏడో తరగతి పరీక్ష మళ్ళీ తప్పినట్టే ఉంది. ఈసారి హాల్ టికెట్ కూతురిది.

మునిశేఖర్‌తో ఆడించే టైము లేక చక్రధరే మొదటి నుంచి ఆడాడు. మూడుసార్లు మీట నొక్కాడు. టాబ్ కింద పెట్టాడు.

"బొమ్మలు బాగుండాయి మ్మా. కానీ ఇట్లాంటివి నా దగ్గరికి నెలకు నాలుగొస్తాయి. నొక్కితే వెనక్కి పోతాం, ఏమీ పోగొట్టుకోం. దీన్ని తీసుకోలేను."

వసంతమ్మ దేవుడి పటం వైపు చూసింది. వెనక ఉన్న ఫోటోల వైపే అయి ఉండాలి.

"పోనీ, ఒగటడుగుతా," అన్నాడు చక్రధర్ మునిశేఖర్ వైపు తిరిగి. "నిజంగా మీట ఉంటే యాడికి పోతారన్నా?"

"పాకాలకు," అన్నాడు మునిశేఖర్ తడుముకోకుండా. "ఆ రైలెక్కి పరీక్ష రాస్తా. పెద్ద చదువు చదివి, ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుంటా." చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. పరీక్ష రాస్తే మేనమామ అంగడి లేదు. అంగడి లేకపోతే వసంతమ్మ తన నాయన అలారం గడియారాన్ని పట్టుకుని అక్కడికి రాదు, పాతికేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం 'ఇది మోగదు' అని తన మీద కేకలు వేయదు. అప్పుడు పవిత్ర... ఆయన కూతురి వైపు చూశాడు. ముక్కు చీదుకుంటూ టాబ్ తుడుస్తోంది.

"వద్దులేప్పా," అన్నాడు. "ఆ రైలు పోనీ."

"ఆలోచించాల్సి వచ్చిందా?" అంది వసంతమ్మ. గొంతు మాత్రం ఎప్పటి గొంతు కాదు.

చక్రధర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. బురద కాళ్ళతో అటూ ఇటూ తిరిగాడు. "ఇది! ఇది గదా కావాల్సింది! పవిత్రా, నీ నవీన రైలెక్కేది కాదు మ్మా కథ. ఎక్కితే ఎవురు మాయమైపోతారో తెలిసినాక కూడా మీట ముందర నిలబడేది కథ. పైగా ఇంట్లో ముగ్గురు! ఒగరికి తెలియకుండా ఒగరు టైము తిప్పుతారు. ఒగరు చేసింది ఇంగొగరి మీద పడతాది. తప్పించుకునేదానికి నిజం ఒప్పుకోవాల. వీధంతా చూస్తా ఉంటాది. ఈ వరండా, ఈ గడియారం, ఆ చెరువు, ఒక్కటీ వదలొద్దు. ఇది చేసి ఇయ్యి, మేము తీసుకుంటాం."

"నాయన పొద్దున్నే చెప్పినాడు సార్, వెనక్కి పోతే ఏదో ఒగటి పోవాలని," అంది పవిత్ర ఏడుస్తూ నవ్వుతూ.

"అయితే ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకో."

"పదీ ఇరవై ఎనిమిది!" అని అరిచింది వసంతమ్మ, చక్రధర్ వాచీ పట్టుకుని. "ఆ మాట గట్టిగా ఇంగొకసారి చెప్పు నాయనా, రెండే నిమిషాలుండాది!"

ఆయన రెండుసార్లు చెప్పాడు. తర్వాత కారు దగ్గరికి పోబోతే వసంతమ్మ మళ్ళీ గేటుకు అడ్డం నిలబడింది. రాహుకాలంలో లోపలికి రాకూడదన్నట్టే బయటికీ పోకూడదట. పన్నెండూ ఒకటి దాకా ఆయనకు భోజనం పెడుతూనే ఉంది.

ఆ రోజు నుంచి వీధిలో ఎవరూ మునిశేఖర్ గడియారాన్ని నమ్మడం లేదు, ఓబయ్య నీళ్ళు వదిలితేనే ఎనిమిది అయినట్టు లెక్క. ఓబయ్య మాత్రం ఎందుకైనా మంచిదని, వరండాలోకి తొంగి చూసి ఆ గడియారం ఎనిమిది కొట్టాకే వాల్వు తిప్పుతున్నాడు.